చెరపనాయన చెరిపిన పది ప్లస్సులు

బోర్డులు రాసేవాళ్ళ భుజం మీద ఎప్పుడూ ఒక మాసిన గుడ్డ ఉంటుంది. టర్పెంటైన్‌లో తడిపి ఉంచుకుంటారు. అక్షరం కాస్త జారితే తుడిచి మళ్ళీ రాసుకోవడానికి. మా ఆయన భుజం మీద మాత్రం అది ఉండేది కాదు. కుంచెలు కడుక్కోవడం ఇంటికి వచ్చాకే, వెనక వరండాలో. పని దగ్గరికి రంగు డబ్బాలు, కుంచెలు, కొలబద్ద, సుద్దపొడి పూసిన దారం తీసుకెళ్ళేవాడు. గుడ్డ ఇంట్లోనే ఉండిపోయేది.

"చెరిపే సామాను దగ్గరుంటే చెయ్యి బద్ధకిస్తుంది. తప్పు రాసినా ఫర్లేదులే అనుకుంటుంది" అనేవాడు.

అందుకే, రాసింది ఎప్పుడూ చెరపని ఆయన అని, ఆయనకి చెరపనాయన అని పేరొచ్చింది. పాలవాడూ అదే పేరు, పోస్టుమేనూ అదే పేరు. అసలు పేరుతో పిలిచేది కరెంటు బిల్లు ఒక్కటే.

ఆ పేరు ఊరికే రాలేదు. దాని వెనక ఒక పరాభవం ఉంది. ఆయన చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. పందొమ్మిదో ఏట మొదటి సొంత బోర్డు రాశాడు, చెప్పులు కుట్టే ఆయన కొట్టుకి. "ఇచ్చట చెప్పులు కుట్టబడును" అని రాయాలి. కొమ్ము పెట్టాల్సిన చోట ఒత్వం పెట్టాడు. బోర్డు పైకెక్కి మేకులు దిగేదాకా ఎవరూ చూడలేదు. "ఇచ్చట చెప్పులు కొట్టబడును."

వీధి వీధంతా గుమిగూడింది. "కొట్టేస్తారా, వాటితో కొడతారా?" అని ఒకరు. "రెండూనేమో, ముందు కొట్టేసి తర్వాత కొడతారు" అని ఇంకొకరు. చెప్పులు కుట్టే ఆయన తల పట్టుకుని, "ఏమయ్యా, నన్ను దొంగని చేశావా, రౌడీని చేశావా? ఏదో ఒకటి తేల్చు" అన్నాడు. అంతమంది చూస్తుండగా మా ఆయన నిచ్చెనెక్కి తన అక్షరాన్ని తానే తుడుచుకున్నాడు. ఆ గుడ్డని అక్కడే పారేసి వచ్చానని నాకు చాలాసార్లు చెప్పాడు.

అప్పటినుంచి, అక్షరాలు తెలిసినవాళ్ళెవరైనా చూడనిదే నిచ్చెన ఎక్కకూడదని నియమం పెట్టుకున్నాడు. అలాగే మా ప్రెస్సు కిటికీ దగ్గరికి వచ్చాడు.

నేను అప్పుడు కిటికీ పక్కన బల్ల మీద ప్రూఫులు చూసేదాన్ని. ఎర్ర పెన్ను, స్కేలు, గాలీలనే తడి ప్రూఫు కాగితాలు, సీసం అచ్చుల వాసన. ఊచల్లోంచి ఒక కాగితం లోపలికొచ్చేది. "ఒక్క మాట చూసి పెడతారా?" 'శీతల'లో దీర్ఘం ఉందా, 'విక్రయము'లో వత్తు ఎక్కడ, 'ధర' గీత కిందకా పైకా. రెండేళ్ళపాటు ఆ కాగితాలు వచ్చాయి. ఒకరోజు వచ్చిన కాగితంలో ఒక్కటే మాట ఉంది. పెళ్ళి.

"దీని కింద ఏ వత్తు వస్తుందండీ?"

"ళ వత్తు. ఏ బోర్డుకి?"

"బోర్డుకి కాదు" అన్నాడు ఊచలవైపు చూస్తూ.

ఆ తర్వాత నా ఎర్ర పెన్ను పడకుండా ఆయన బోర్డు ఒక్కటీ గోడెక్కలేదు. చేతిపని ఆయన బాధ్యత, అక్షరం నా బాధ్యత. పేరు మాత్రం ఆయనకే వచ్చింది, నాకేం బాధ లేదు. ఇంట్లో నన్ను "ప్రూఫులూ" అని పిలిచేవాడు. కోపం వస్తే "ప్రూఫులమ్మగారూ" అనేవాడు. సైకిళ్ళ షాపు మీద రెండు గదుల ఇల్లు మాది. ఒక గదిలో నా గాలీల కట్టలు, ఒక గదిలో ఆయన డబ్బాలు. మధ్యలో గుమ్మం మీద ఎవరి చెయ్యి ఆనినా ఏదో ఒక రంగు అంటుకునేది.

ఇరవై రెండేళ్ళు ఒక్క అక్షరం చెరపకుండా గడిచాయి. అప్పుడు స్కూలు గోడ పని వచ్చింది.

పక్క వీధిలో పెద్ద స్కూలు. అక్కడి సైన్సు టీచరు పొడుగ్గా, గొడుగు కర్రలా నిటారుగా ఉండేది. ఇంకో ఏడాదిలో రిటైరవుతోంది. ల్యాబు బయట, మైదానం వైపు గోడ ఖాళీగా ఉంది. దాని నిండా మూలకాల పట్టిక రాయించాలని ఆవిడ కోరిక. మామూలు పట్టిక కాదు. ప్రతి గడిలో మూలకం గుర్తుకి కుడి చెవి పైన, అయానుగా మారినప్పుడు దానికుండే ఆవేశం ఎంతో, ప్లస్సో మైనస్సో, దూరం నుంచి కనపడేలా ఉండాలి.

"నేను వెళ్ళిపోయాక కూడా గోడ పాఠం చెప్తుండాలి, పెయింటరు గారూ" అందట.

ఆవిడ చేత్తో రాసిన పెద్ద కాగితం ఇచ్చి, కూతురి పురిటికని వేరే ఊరు బస్సెక్కింది. సెలవులైపోయి బళ్ళు తెరిచేరోజుకి గోడ పూర్తి కావాలి. ఆయన ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పరిచాడు.

"ఏమోయ్ ప్రూఫులూ, 'సోడియం ఆవేశం' అట. ఉప్పుకి ఆవేశమేంటి?"

"ఉప్పూ కారం తినే మనకే ఉంటే, ఉప్పుకి ఉండదా?"

"అదీ నిజమే." కాసేపు వేలితో వరసలు చూసుకున్నాడు. "ఈ చివరి నిలువు వరసలో అందరికీ సున్నాలే ఉన్నాయేం?"

నేను పక్కన రాసింది చదివాను. "వీటిని జడవాయువులంటారట. ఎవరితోనూ కలవవు. ఒకరికి ఇచ్చేది లేదు, ఒకరి దగ్గర పుచ్చుకునేది లేదు."

"మీ అన్నయ్య."

"మా అన్నయ్య ఊసెందుకిప్పుడు?"

"ఊసే కదా, మనిషి ఎలాగూ రాడు. ఈ వరసకి బావగారి వరస అని పేరు పెట్టా."

నవ్వుకున్నాం. తర్వాత నేను ఎర్ర పెన్ను తీశాను. మొదటి తప్పు వెంటనే దొరికింది. కాగితం అడుగున ఆవిడ "రుణావేశం" అని రాసింది. నేను దాన్ని "ఋణావేశం" చేశాను. ర కి కొమ్ము ఇవ్వడం, ఋ రాయడం ఒకటి కావని మా ప్రెస్సులో ఎన్నిసార్లు పోట్లాడానో. చాలా తృప్తిగా దిద్దాను.

తర్వాత ఆ వాక్యం మొత్తం చదివాను. ఎలక్ట్రాన్‌ని ఇచ్చిన పరమాణువుకి ధనావేశం, పుచ్చుకున్న పరమాణువుకి ఋణావేశం అని ఉంది. మళ్ళీ చదివాను. పట్టికలో చూశాను. సోడియం ఒకటి ఇచ్చేస్తుంది, దాని చెవి పక్కన ప్లస్. క్లోరిన్ ఒకటి పుచ్చుకుంటుంది, దాని చెవి పక్కన మైనస్.

"ఇది తలకిందులుగా ఉందండీ" అన్నాను.

"ఏది?"

"ఒకటి పోగొట్టుకున్నవాడికి ప్లస్ వేసింది. ఒకటి సంపాదించుకున్నవాడికి మైనస్ వేసింది. ఎక్కడైనా ఉందా? మీ జేబులోకి రూపాయి వస్తే కూడికా, తీసివేతా?"

"నా జేబులోకి ఎప్పుడొచ్చింది చెప్పడానికి?" అని ఆగాడు. "టీచరుగారు రాసింది కదే."

"టీచర్లు తప్పులు రాయరనుకుంటున్నారా? నెలకి రెండు పుస్తకాలు వాళ్ళవే దిద్దుతున్నాను. ప్రయాణం తొందరలో అటుదిటు ఇటుదటు వేసేసింది."

"ఆవిణ్ణి అడిగి రాస్తే..."

"ఆవిడ వచ్చేది బళ్ళు తెరిచాక. అప్పుడు అడుగుతారా?"

మా ప్రెస్సు యజమానికి ఒక సూత్రం ఉండేది. అనుమానం వస్తే అడుగు, నిశ్చయం ఉంటే దిద్దు. నాకు అనుమానం వచ్చి ఉంటే అడిగేదాన్ని. నిశ్చయం వచ్చింది, అదే కొంప ముంచింది. సాయంత్రం దీపం పెట్టేవేళకి ఆ కాగితంలో హైడ్రోజన్‌కీ లోహాలన్నిటికీ మైనస్సులు, అటు చివరున్న వాటికి ప్లస్సులు వేసి ఇచ్చాను. ఒక్క కార్బన్ దగ్గర రెండూ ఉన్నాయి గనుక దాని జోలికి పోలేదు.

 నా ఎర్ర సిరా ఆయనకి శాసనం.

తొమ్మిది రోజులు పట్టింది ఆ గోడ. దారం కొట్టి గడులు గీసుకున్నాడు. లోహాలకి నీలం, అటు చివరున్న వాటికి పసుపు, ఆ మధ్యవాటికి లేత ఆకుపచ్చ, బావగారి వరసకి బూడిద రంగు. మధ్యాహ్నం నేను క్యారియరు తీసుకెళ్ళేదాన్ని. నిచ్చెన మీద నుంచి దిగకుండానే కబుర్లు చెప్పేవాడు. "మాంగనీసు అని ఒకటుంది చూశావా, దానికి రెండు నుంచి ఏడు దాకా ఎన్ని మొహాలో. ఒక్క గడిలో ఎలా ఇరికించాలో తెలియక చచ్చా." "రాగి ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు. ఎవరింట్లో ఉంటే అలా." రోజుకో మూలకంతో ఆయనకి కొత్త చుట్టరికం కలిసినట్టుండేది.

బళ్ళు తెరిచిన రోజు మధ్యాహ్నానికి అంచు గీత ఒక్కటే మిగిలింది. నేను క్యారియరు తీసుకుని వెళ్ళేసరికి పిల్లలు భోజనాల గంటకి బయటికొచ్చి గోడ ముందు మూగి ఉన్నారు. ఒక్కో గుర్తూ బిగ్గరగా చదువుతున్నారు. ఆ గుంపులోంచే సైన్సు టీచరు వచ్చింది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో గొడుగు.

గోడ చూడగానే ఆవిడ మొహం విచ్చుకుంది. "అబ్బ! ఎంత బాగా..." అంటూ పైనుంచి కిందికి చూస్తూ రెండడుగులు వేసింది. సోడియం గడి దగ్గర ఆగింది. పక్కకి చూసింది. మళ్ళీ ఆ చివరికి, క్లోరిన్ దాకా నడిచింది. సంచీ కింద పెట్టింది.

"పెయింటరు గారూ, నా కాగితంలో ఇలా ఉందా?"

ఆయన నిచ్చెన దిగాడు. "లేదండీ."

"మరి?"

"నేనే మార్చానండీ. పోగొట్టుకున్నవాడికి ప్లస్సేంటని..."

నా చేతిలో క్యారియరు బరువెక్కింది. పిల్లలు గుర్తులు చదవడం ఆపి ఇటు తిరిగారు. 

"ఆ కాగితం ఏదీ?"

నిచ్చెనకి క్లిప్పు పెట్టి ఉంది కాగితం. ఆవిడే తీసుకుంది. కళ్ళజోడు సవరించుకుంది. "ఈ ఎర్ర సిరా మీదేనా?"

"నాదేనండీ."

"రుణాన్ని ఋణం చేసింది కూడా మీరేనా?"

ఆయన ఆ ఋ వైపు చూశాడు. నేను కూడా చూశాను. ఎంత అందంగా, ఎంత వంపుగా రాశానో దాన్ని. "అవునండీ" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. "ఆయన కాదండీ. నేను దిద్దాను. ప్రెస్సులో ప్రూఫులు చూస్తాను."

"నువ్వుండు" అన్నాడు ఆయన. "గోడ మీద రాసింది నేను. తప్పు గోడ మీద ఉంది గాని కాగితం మీద కాదు."

"కాగితం మీద లేకపోతే గోడ మీదకెలా వస్తుంది?"

"నిన్నుండమన్నానా?"

టీచరు ఆయన మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూసింది. ఆవిడ మూతి పక్కన ఏదో కదిలింది. "తప్పు పుచ్చుకోవడానికి ఇద్దరూ ఇలా పోటీ పడుతున్నారేంటి? అయితే మీరిద్దరూ ఋణావేశాలే. రెండు మైనస్సులు పక్కపక్కన నిలవవు. కాస్త ఎడంగా జరగండి."

పిల్లలు గొల్లుమన్నారు. మాకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఆయన నిజంగా ఒకడుగు పక్కకి జరిగాడు. దాంతో ఆవిడ కూడా నవ్వేసింది.

"ఇలా రండమ్మా" అంది నాతో. "మీరు ఎలక్ట్రాన్‌ని ఏమనుకున్నారు?"

"ఏదో విలువైనదనుకున్నాను. రూపాయి లాంటిదని."

"అదీ సంగతి. అది రూపాయి కాదు. అదే ఒక ఋణం. దాని ఒంట్లో ఉన్నదే ఋణావేశం. అప్పు పత్రం అనుకోండి. దాన్ని దించుకున్నవాడు ఏమవుతాడు?"

"ధన..."

"ఇంకొకరి అప్పు నెత్తికెత్తుకున్నవాడు?"

 ఋణం అనే మాట ఎన్ని వేలసార్లు నా కళ్ళ ముందు నుంచి పోయిందో. దానికి ఋ ఎలా ఉండాలి, ణ ఎలా ఉండాలి అన్నది తెలుసు. అంత తెలిసినదాన్ని, ఆ కాగితం మీద ఆ మాటని దిద్దుతూ దాన్ని వినలేదు. పుచ్చుకున్నవాడు ఋణస్తుడని తెలుగు మాటే చెప్తూంటే, దాని నోరు నొక్కి గుణింతం సరిచేశాను.

"ఎలక్ట్రాన్ వచ్చి చేరితే ఒకటి పెరుగుతుంది, నిజమే" అంది టీచరు. "పెరిగింది అప్పు. మైనస్ కాక ఏమవుతుంది?"

ఆయన మెల్లగా తలూపాడు. గోడవైపు తిరిగాడు. ఎంతసేపు చూశాడో. నాకు మాత్రం ఆయన భుజమే కనిపిస్తోంది, గుడ్డ లేని భుజం. ఇరవై రెండేళ్ళు.

గుంపులోంచి ఒక గొంతు గుసగుసగానే అయినా గట్టిగా వినిపించింది. "చెరపనాయన చెరుపుతాడా ఇప్పుడు?"

టీచరు ఆ మాట విన్నట్టుంది. ఆవిడకి ఆ పేరు సంగతి తెలుసు, ఊళ్ళో ఎవరికి తెలియదు? గొంతు తగ్గించి, "మీకిష్టమైతే వచ్చే ఆదివారం గోడంతా సున్నం కొట్టించేస్తాను. మళ్ళీ మొదటినుంచి రాసుకోండి. చెరిపినట్టు ఉండదు" అంది.

ఆవిడది మంచి మనసు. అలా చేస్తే ఆయన పేరు నిలిచేది. మరుసటి వారానికి అందరూ మర్చిపోయేవాళ్ళు. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"తొమ్మిది రోజుల పనండీ. సున్నం కొడితే చూడలేను" అన్నాడు. తర్వాత సోడియం గడి వైపు చెయ్యి చూపించాడు. "అయినా మైనస్‌ని ప్లస్ చెయ్యాలంటే ఒక్క గీతేగా. నిలువుగా."

"ఇటువైపువాటికి అంతే. ఆ చివర పుచ్చుకునేవాళ్ళు ఉన్నారు చూడండి, వాటికి ప్లస్సులున్నాయి. ఆ నిలువు గీతలు తీసెయ్యాలి."

"ఎన్ని?"

ఆవిడ వేలితో లెక్కపెట్టింది. నత్రజని, భాస్వరం. ఆక్సిజన్, గంధకం, ఆ కింద రెండు. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్. "పది."

"ఇచ్చేవాళ్ళు?"

"యాభై పైనే."

"అయితే లోకం బాగానే ఉందన్నమాట" అని నిచ్చెన ఎక్కాడు.

భోజనం మాట ఎవరికీ గుర్తు రాలేదు. టీచరు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టింది. గంట కొట్టినా లోపలికి పంపలేదు. ఆయన కుంచె ఏ గడి మీద పెడితే దాని సంగతి పిల్లలు చెప్పాలి. ఇచ్చేవాడా, పుచ్చుకునేవాడా?

మొదటిది హైడ్రోజన్. అన్నిటికన్నా పైన, ఎడమ మూల. నేను పెట్టించిన మైనస్ దాని చెవి పక్కన ఉంది.

"ఇచ్చేవాడు!" అని అరిచారు పిల్లలు. ఆయన నిలువు గీతకి కుంచె ఎత్తాడు.

"ఆగండాగండి" అంది టీచరు. "దాన్ని ముట్టుకోవద్దు. పక్కన ఒక ప్లస్ రాయండి చాలు."

"ఇదెందుకండీ?"

"హైడ్రోజన్ మామూలుగా ఇస్తుంది. కానీ సోడియం లాంటి మహాదాత దగ్గరికి వెళితే తనే పుచ్చుకుంటుంది. అప్పుడు దానిది మైనస్సే. నేను తొందరలో ప్లస్ ఒక్కటే రాశాను. అది సగమే."

ఆయన నిచ్చెన మీద నుంచి వంగి నన్ను చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది. "విన్నావా ప్రూఫులూ? నీది ఒకటి నిలబడింది."

తర్వాత పని పరుగెత్తింది. "సోడియం?" "ఇచ్చేవాడు!" ఒక గీత. "కాల్షియం?" "ఇచ్చేవాడు, రెండు!" ఒక గీత. ఇనుము దగ్గర పిల్లలు తడబడ్డారు. కొందరు రెండన్నారు, కొందరు మూడన్నారు. "రెండూ నిజమే. వచ్చిన చుట్టాన్ని బట్టి" అన్నాడు ఆయన, టీచరు కన్నా ముందు. ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. పొట్టి గీతలు, బొట్టు పెట్టినట్టు పెడుతూ పోయాడు. ముప్పావు గంటలో యాభై పైచిలుకు లోహాలు తమ ధనం తాము తెచ్చుకున్నాయి.

ఇక ఆ పది మిగిలాయి.

రంగు అప్పటికే ఎండి రాయిలా ఉంది, గుడ్డతో పోయేది కాదు. పసుపు డబ్బా తెరిచి, గడి రంగుకి సరిపోయేదాకా తెలుపు కలిపాడు. చిన్న కుంచె తీసుకున్నాడు. ప్లస్‌లో అడ్డగీత ఉండాలి, నిలువు గీత పోవాలి. అంటే అడ్డగీతకి పైన ఒక చుక్క, కింద ఒక చుక్క పసుపు వెయ్యాలి. ఒక్కోదానికి రెండు చుక్కలు. యాభై గీతలు గీసిన చెయ్యి మొదటి చుక్క దగ్గర ఆగిపోయింది. నేను కింద నిచ్చెన పట్టుకుని ఉన్నాను.

"క్లోరిన్?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

"పుచ్చుకునేవాడు! ఒకటి!"

"ఏమోయ్ ప్రూఫులూ, చూస్తున్నావా?"

"చూస్తున్నానండీ."

"చెరుపుతున్నా."

పైన ఒక చుక్క. కింద ఒక చుక్క. ప్లస్ పోయి మైనస్ మిగిలింది. పిల్లల్లో ఎవరో "చెరిపేశాడ్రోయ్!" అని చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. నేను భయపడుతూ ఆయన మొహంలోకి చూశాను. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటున్నాడు. రెండోదానికి చెయ్యి ఆగలేదు. అయిదోదానికి పాట అందుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేనే కదిపాను. "మీ పేరు పోగొట్టాను."

"ఏ పేరు?"

"చెరపనాయన."

"ఓ, అదా." చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "ఇరవై రెండేళ్ళు దాన్ని మోసుకు తిరిగానే. దించినప్పుడు గాని తెలియలేదు అది అప్పని. ఇప్పుడు నేను ప్లస్సు."

మర్నాడు పొద్దున్న ఆయన బయల్దేరుతుంటే భుజం మీద ఏదో కనిపించింది. నా పాత చీర ముక్క, నాలుగు మడతలేసి. నేను చూడడం చూసి, "చేతికి బద్ధకం నేర్పుదామని" అన్నాడు. స్కూలు ముందు నుంచి వెళితే పిల్లలు "ప్లస్సు మావయ్యా!" అని కేకలేసేవాళ్ళు. చెరపనాయన అన్నప్పుడు మెడ కొంచెం బిగించేవాడు. ప్లస్సు మావయ్య అంటే సైకిలు గంట కొట్టేవాడు. ఆ తర్వాతి పందొమ్మిదేళ్ళలో ఎన్నో తప్పులు రాశాడు, తుడిచాడు, నవ్వాడు. నేను కూడా దిద్దేముందు అడగడం నేర్చుకున్నాను. అయినా ఒకటీ అరా దాటిపోయేవి. అందులో కొన్ని నాకు తెలిసే దాటనిచ్చానని ఆయనకి అనుమానం. అనుమానం వస్తే అడగాలిగా, అడగలేదు.

పోయిన ఏడాది ఆయన వెళ్ళిపోయాడు. ఎక్కువ బాధపడలేదు, ఎక్కువ రోజులు తీసుకోలేదు. సామాను సర్దుతుంటే వెనక వరండాలో స్కూలువాళ్ళ పొడుగు నిచ్చెన కనిపించింది. ఎప్పుడో గోడకి మెరుగు పెట్టినప్పుడు తెచ్చి ఇవ్వడం మర్చిపోయినట్టున్నాడు. సైకిళ్ళ షాపు అబ్బాయిల చేత మోయించి నేనే వెంట వెళ్ళి అప్పజెప్పాను. ఆరోజు ఉదయం నుంచీ సన్నటి వాన.

ఇప్పుడున్న సైన్సు మాస్టారు కుర్రాడు. నిచ్చెన చూసి, "దీనికోసం ఇంత వానలో ఎందుకొచ్చారమ్మా" అన్నాడు. గోడ చూస్తానంటే గొడుగు పట్టి తీసుకెళ్ళాడు.

జల్లు ఏటవాలుగా కొట్టి గోడ తడిసింది. రంగు మీద రంగు వేస్తే అక్కడ మందమవుతుంది. ఎండలో అది కనపడదు. తడిసినప్పుడు అంచు మెరుస్తుంది. క్లోరిన్ మైనస్ మీదా కిందా సన్నని నిలువు నీడ. ఆక్సిజన్‌కి, గంధకానికి, అన్నిటికీ. వేలితో లెక్కపెట్టుకున్నాను. పదీ ఉన్నాయి.

"వానాకాలమంతా ఇలాగే కనిపిస్తాయమ్మా" అన్నాడు మాస్టారు నొచ్చుకుంటూ. "ఇంకో పూత వేయిద్దామా అని చూస్తున్నాను. కానీ పిల్లలు ఒప్పుకోవట్లేదు. ఆ నీడలున్న పదీ పుచ్చుకునేవాళ్ళని గుర్తు పెట్టుకున్నారు. ఎండాకాలం పరీక్షలో కూడా తప్పట్లేదు."

"అయితే ఉండనివ్వండి."

గొడుగు కింద నుంచి బయటికి వచ్చి ఎడమ మూలకి నడిచాను. తలెత్తి చూశాను. హైడ్రోజన్ చెవి పక్కన ఒక ప్లస్, దాని పక్కన ఒక మైనస్. ఆ మైనస్‌కి పైనా కిందా ఏ నీడా లేదు. నేను దిద్దింది, ఆయన రాసింది, ఎవరూ చెరపనిది. జల్లు పడుతున్నా అలాగే ఉంది.